ఎగువ మంచం, దిగువ మంచం

మా క్యాంపులో ఒక వకీలు, ఒక జడ్జి, ఒక ఎమ్మెల్యే ఉండేవాళ్లు. ముగ్గురూ ఒక్క మనిషే. కంపెనీ కాగితాల్లో మాత్రం ఆయన జనరేటర్ ఆపరేటర్. పొద్దున్నే దాన్ని స్టార్ట్ చేసి, ఆయిల్ చూసి, పక్కనే ఒక విరిగిన ఆఫీసు కుర్చీలో కూలబడితే మళ్లీ సాయంత్రం దాకా ఆయనకు పని ఉండదు. పనిలేని మనిషికి చట్టం చేతికి దొరికితే ఏమవుతుందో సౌదీలోని నజ్రాన్ శివార్లలో, యెమెన్ వైపు కొండలు కనిపించే ఆ రేకుల గదుల మధ్య నేను కళ్లారా చూశాను. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి.

ఆయన లా చదివాడా అంటే చదివాడనే చెప్పాలి. కాకపోతే బోనులో నిలబడి చదివాడు. ఊళ్లో ఆయన పొలానికీ పైపొలానికీ మధ్య ఒక పిల్లకాలువ ఉండేదట. పైపొలంవాడు దానికి అడ్డకట్ట వేశాడు. ఈయన కోర్టుకెక్కాడు. కేసు ఏళ్ల తరబడి నడిచింది. ఈయన వకీళ్లను మార్చాడు, బస్సులు మార్చాడు, కోర్టు ముందు హోటల్లో చాయ్ తాగి తాగి కడుపులో పుండు తెచ్చుకున్నాడు. చివరికి కేసూ పోయింది, పొలమూ పోయింది, మిగిలింది నోటినిండా కోర్టు మాటలే. వాయిదా, వకాల్తా, మోకా, స్టే. వాటితోనే విమానమెక్కి సౌదీ వచ్చాడు. "ఓడిపోయినోనికి తెలిసినంత లా గెలిచినోనికి తెల్వది" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాడు. ఓడిపోయినందుకు అంత గర్వపడే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

శుక్రవారం మాకు సెలవు. అన్నం తిన్నాక మెస్ హాల్లో కోర్టు కూర్చునేది. బల్లమీద ఎర్ర దుప్పటి పరిచేవాళ్లు. సుత్తికి బదులు వంటాయన అన్నం కలిపే పెద్ద గంటె. "కేసైనంక కడిగియ్యుండ్రి, రాత్రికి పప్పు కలుపుకోవాలె" అని వంటాయన ప్రతివారం గొణుక్కునేవాడు. వారమంతా రెండు పక్షాలూ జనరేటర్ దగ్గరికి విడివిడిగా వెళ్లి ఆయననే సలహా అడిగేవి. ఇద్దరికీ ఆయనే వకీలు. శుక్రవారం నాడు జడ్జి కుర్చీలో కూర్చుని "వాది వకీలు ఏమంటడు?" అని గంభీరంగా అడిగి, లేచి పక్క కుర్చీలోకి మారి వాది తరఫున వాదించేవాడు. మళ్లీ లేచి ఇంకో కుర్చీలోంచి ఆ వాదనను చీల్చి చెండాడేవాడు. ఒక్కోసారి తనమీద తనకే కోపమొచ్చి "కూసో, కూసో, నీకు లా తెల్వదు" అని ఖాళీ కుర్చీని తిట్టేవాడు. మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. టీవీలో ఒకటే ఛానెల్ వచ్చే చోట ఇంతకన్నా వినోదం ఏముంటుంది?

ఎమ్మెల్యేగిరీ మెస్ కమిటీతో వచ్చింది. తిండి గురించి, నీళ్ల గురించి క్యాంప్ బాస్‌తో మాట్లాడటానికి ఏడాదికోసారి చేతులెత్తి ఒక మెంబర్‌ను ఎన్నుకునేవాళ్లం. గెలిచిన రోజు నుంచీ ఈయన తనను తాను ఎమ్మెల్యే అనుకున్నాడు. ఏసీ అట్టపెట్టెలు చింపి, ఎర్ర మార్కర్‌తో చట్టాలు రాసి గోడలకు అంటించేవాడు. స్నానాల గది ముందు బకెట్టు పెట్టిపోతే ఆ బకెట్టు మనిషితో సమానం కాదు. లుంగీలు ఏసీ ముందు ఆరేయరాదు. శుక్రవారం ఉల్లిగడ్డలు కోయనివాడు కూరలో రెండో ముక్క అడగరాదు. మరుసటి వారం ఆ చట్టం కిందే ఇంకో అట్టమీద సవరణ వెలిసేది: జ్వరమున్నవాడు తప్ప. దాంతో ప్రతి శుక్రవారం క్యాంపులో సగంమందికి జ్వరం వచ్చేది.

ఇంతవరకూ అంతా సరదానే. గొడవంతా ధరావతుతో వచ్చింది.

మా వైపు ఊళ్లలో పంచాయితీకి కూర్చునే ముందు రెండు పక్షాలూ పెద్దమనుషుల దగ్గర ధరావతు పెడతాయి. తీర్పు నచ్చకపోతే లేచిపోకుండా ఉండటానికి. మాకు జీతం చేతికి రావడమే గగనం, ఇక ధరావతు ఎక్కడినుంచి తెస్తాం? ఆయన బుర్రకు ఒక దివ్యమైన ఆలోచన తట్టింది. అకామాలు పెట్టమన్నాడు. అకామా అంటే సౌదీలో మనిషి ఉండొచ్చని ఇచ్చే చిన్న బుక్కు. అది జేబులో లేకుండా గేటు దాటితే పోలీసు ఆపిన చోటే మన కథ ముగుస్తుంది. అలాంటిదాన్ని ఒక జనరేటర్ ఆపరేటర్ ట్రంకుపెట్టెలో పెట్టించే తెలివి, పెట్టే తెలివి మా క్యాంపుకే చెల్లింది. బంగ్లాదేశ్‌వాళ్లు మా గది ముందు నిలబడి "తుమ్ లోగ్ పాగల్ హో?" అని అడిగారు. మేం పంచాయితీ మర్యాద అన్నాం.

ఇంకా ఘోరమేమిటంటే ఆయన ఏ కేసులోనూ తీర్పు చెప్పేవాడు కాదు. వాయిదా వేసేవాడు. సాక్షి డ్యూటీలో ఉన్నాడని వాయిదా. వంటాయన గంటె ఇవ్వలేదని వాయిదా. జడ్జిగారికి కడుపునొప్పి అని వాయిదా. కారణం నాకు మెల్లగా అర్థమైంది. తీర్పు చెబితే ఒకడు గెలుస్తాడు, ఒకడు ఓడతాడు. ఓడినవాడు కమిటీ ఎన్నికల్లో చెయ్యెత్తడు. జడ్జి నోరు తెరిస్తే ఎమ్మెల్యేకి నష్టం. అందుకని వకీలు వాదిస్తూనే ఉండేవాడు, జడ్జి వింటూనే ఉండేవాడు, ఎమ్మెల్యే గెలుస్తూనే ఉండేవాడు. పెట్టెలో అకామాలు పెరుగుతూనే ఉండేవి. కేసులున్నవాళ్లు శుక్రవారం బజారుకు కూడా పోలేక క్యాంపులోనే పడి ఉండి, తీర్పు కోసం ఆయన చుట్టూ తిరిగేవాళ్లు.

ఇక మా కేసు. నేను స్టోర్ కీపర్‌ని. డిగ్రీ పాసయ్యానన్న పొగరూ ఉంది, ముక్కుమీద కోపమూ ఉంది. నా గదిలోనే టైల్స్ మేస్త్రి ఒకాయన ఉండేవాడు. నిజామాబాద్ వైపు మనిషి, నాకన్నా పెద్దవాడు, నేను అన్నా అనేవాణ్ణి. గొంతుక్కూర్చుని టైల్స్ పరిచి పరిచి ఆయన మోకాళ్లు అరిగిపోయాయి. ఆయన మంచం ఏసీ కింద, నాది తలుపు దగ్గర. చల్లగాలి సూటిగా మోకాళ్లకు తగులుతోందని ఆయన ఏసీ మూతికి అట్ట కట్టాడు. దాంతో గాలి కప్పుకు తగిలి అక్కడే చచ్చేది. నా మంచం దాకా వచ్చేది కాదు. నేను అట్ట పీకేశాను. ఆయన మళ్లీ కట్టాడు.

"నీ మోకాళ్ల కోసం మేమందరం ఉడకాల్నా?" అన్నాను.

"నీ చెమట కోసం నేను కుంటోణ్ని గావాల్నా తమ్మీ?" అన్నాడాయన.

కోర్టుకెక్కాం. మా మాట వినగానే జడ్జి మొహం వెలిగిపోయింది. జీవితమంతా ఆయన ఎదురుచూసిన కేసు ఇదే. "ఇది గాలి పంచాయితీ గాదు. ఇది పారకం పంచాయితీ" అని గంటె బల్లమీద కొట్టాడు. "ఎగువ మంచపోడు అడ్డకట్ట గట్టిండు. దిగువ మంచపోనికి పారకం బందైంది. తూమెక్కడున్నది?" అందరూ ఏసీ వైపు చూపించారు. "మోకా మీద జూడాలె" అన్నాడు.

కోర్టు కోర్టంతా మా గదిలోకి తరలివచ్చింది. ఆయన ఒక అగరుబత్తి కట్ట వెలిగించి పొగ ఎటు పోతుందో చూశాడు. నా మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు, మేస్త్రి మంచం మీద పడుకుని కళ్లు మూసుకున్నాడు. రెండోచోట గుర్రు కూడా పెట్టాడు. లేపితే "న్యాయం ఆలోచిస్తున్న" అన్నాడు. పొగకు మా గదివాళ్లందరం దగ్గలేక చచ్చాం. మా ఇద్దరి అకామాలు తీసుకుని, ఎర్ర దారంతో కలిపి కట్టి, పెట్టెలో వేసి వాయిదా వేశాడు. తర్వాతి శుక్రవారం మళ్లీ వాయిదా. ఆ తర్వాత మళ్లీ. వేసవి ముదిరింది. అట్ట అలాగే ఉంది, నేను అలాగే ఉడికాను.

ఈలోగా మేస్త్రికి అసలు కోర్టు నుంచి పిలుపొచ్చింది. ఆయన కాంట్రాక్టు ఎప్పుడో ముగిసింది. నాలుగేళ్లుగా ఊరికి పోలేదు. ఎగ్జిట్, అంటే దేశం దాటి ఇంటికి పోయే అనుమతి, ఇమ్మంటే కంపెనీ వచ్చే నెల, వచ్చే నెల అని తిప్పింది. టైల్స్ పని మధ్యలో ఆగుతుందని వాళ్ల భయం. చివరికి ఆయన, మా కేసుకు ముందే, పట్నంలో లేబర్ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు పెట్టాడు. శనివారం పొద్దున రమ్మన్నారు. రాకపోతే కంపెనీ మనిషి ఒక్కడే నిలబడి తనకు తోచింది చెప్పి వస్తాడు, ఫైలు మూతపడుతుంది. గురువారం సాయంత్రం మేస్త్రి జనరేటర్ దగ్గరికి వెళ్లాడు. జడ్జి మీద కోపంతో రగిలిపోతూ నేనూ వెనకే వెళ్లాను.

"సారూ, నా అకామా ఇయ్యుండ్రి. శనివారం ఆఫీసుకు పోవాలె. అది లేకుంటే గేటు గూడ దాటనియ్యరు."

"కేసు నడుస్తుంటే ధరావతు వాపసియ్యరు" అన్నాడు జడ్జి.

"అది ఈ దేశం గవర్నమెంటు ఇచ్చిన అకామా! నీ తాత ఆస్తా?" అని నేను అరిచాను.

"నువ్వు ప్రతివాదివి. వాది తరఫున మాట్లాడుడు చెల్లది."

నాకు ఆ జనరేటర్‌నే ఎత్తి ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది. మేస్త్రి మాత్రం కోప్పడలేదు. అక్కడే ఇసుకలో, నొప్పితో ముక్కుతూ కూర్చున్నాడు. "సారూ, మా ఇంటిది ఫోన్‌ల ఎప్పుడొస్తవ్ ఎప్పుడొస్తవ్ అని పానం తీసేది. నేను కయ్యం బెట్టుకుంటుంటి. ఈ నడుమ అడుగుతనే లేదు. అదే భయమైతున్నది నాకు" అన్నాడు.

జడ్జి మెత్తబడ్డాడు. మెత్తబడినా అకామా ఇవ్వలేదండోయ్! "ధరావతు కోర్టు చేతుల్నే ఉండాలె. నేనే పట్టుకొని వస్త. నీ వకీలుగ నేనే నిలబడ్త" అన్నాడు. నా అకామా కూడా అదే కట్టలో ఉంది కాబట్టి నన్నూ రమ్మన్నాడు.

శనివారం పొద్దున ఆయన అవతారం చూసి నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తెల్ల చొక్కా, దానిమీద చలికాలం వేసుకునే నల్ల రెక్సిన్ జాకెట్, మెడ దాకా జిప్పు. బయట ఎండకు రోడ్డు మెరుస్తోంది. పాకిస్తాన్ టాక్సీ డ్రైవరు అద్దంలోంచి చూసి చూసి "భాయీ, బుఖార్ హై క్యా?" అని అడిగాడు, జ్వరమొచ్చిందా అని. "వకీల్ హై" అన్నాను. "అచ్ఛా" అని ఏసీ పెంచాడు పాపం. దారిపొడుగునా జడ్జి పెదాలు కదుపుతూ వాదన ప్రాక్టీసు చేసుకున్నాడు. మధ్యలో తూము, పారకం అన్న మాటలు వినపడ్డాయి. ఎగ్జిట్ కేసులో తూమేమిటో దేవుడికే తెలియాలి.

ఆఫీసులో మా వంతు వచ్చింది. బల్ల వెనక ఒక సౌదీ ఆఫీసరు. బల్ల పక్కన మా కంపెనీ మందూబ్, అంటే ఇలాంటి ఆఫీసు పనులు చక్కబెట్టే మనిషి. జడ్జి దారం విప్పి మేస్త్రి అకామా బల్లమీద పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి, గొంతు సవరించుకుని "జనాబ్, మేరా ముద్దయీ..." అని, అంటే నా ఫిర్యాదుదారుడు అని, మొదలుపెట్టాడు. ఆఫీసరు తలెత్తకుండానే "బర్రా" అన్నాడు. బయటికి పో అని. మా జడ్జి, చట్టసభ సభ్యుడు, ఉభయ పక్షాల న్యాయవాది, ఒక్క మాటకు నల్ల జాకెట్‌తో సహా బయటికి నడిచాడు.

ఆఫీసరు మందూబ్‌ను అరబ్బీలో ఏదో అడిగాడు. మందూబ్ నసిగాడు. ఆఫీసరు గొంతు పెంచాడు. మందూబ్ సంచిలోంచి మేస్త్రి పాస్‌పోర్టు తీసి బల్లమీద పెట్టాడు. ఏదో రాశారు, మేస్త్రి బొటనవేలు పట్టుకుని సిరాలో అద్ది నొక్కించారు, స్టాంపు పడింది. "ఖలాస్. యల్లా." అయిపోయింది, నడవండని. వెనకవాడు అప్పటికే మా భుజాల మీదుగా కాగితాలు చాపుతున్నాడు. ఎగ్జిట్ వచ్చేసింది. నేను సంతోషం పట్టలేక మేస్త్రి వీపు మీద చరిచాను. ఆయన మాత్రం ఆ సిరా వేలిని పట్టుకుని ఇంకా ఏదో అడుగుతారన్నట్టు అక్కడే నిలబడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను.

టాక్సీలో తిరుగు ప్రయాణమయ్యాం. జడ్జి జాకెట్ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు. మర్నాడు పొద్దునే మేస్త్రికి ప్రయాణం, టికెట్ కంపెనీయే ఇవ్వాలని ఆఫీసరు ఆర్డరని మందూబ్ చెప్పాడు. క్యాంపుకు చేరగానే గదిలోకి పోయి మూటలు కట్టుకుంటాడనుకున్నాను. ఆయన సూటిగా జడ్జి ముందుకెళ్లి నిలబడ్డాడు.

"సారూ, నా కేసు."

"ఇంక కేసేంది? రేపు పోతున్నవ్ గదా. కొట్టేసినట్టే."

"కొట్టేసుడు వద్దు. తీర్పు జెప్పుండ్రి. తీర్పు జెప్పకుంట నేను పోను."

"ఏసీ ఈడ, నువ్వాడ. తీర్పు ఏం జేసుకుంటవయ్యా?"

"అది నా ఇష్టం" అన్నాడు మేస్త్రి. ఆ మెత్తని మనిషి అంత గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

శుక్రవారం కాకపోయినా సాయంత్రం డ్యూటీలు దిగాక కోర్టు కూర్చుంది. ఎర్ర దుప్పటి, గంటె, అన్నీ మామూలే. మేస్త్రి లేచాడు. వకీలు వద్దన్నాడు, నేనే చెప్పుకుంటానన్నాడు. ఏసీ గాలితో మొదలుపెట్టాడు. మోకాళ్ల దగ్గరికి వచ్చాడు. ఏ బిల్డింగులో మొదట నొప్పి పుట్టిందో, క్లినిక్‌లో గోలీలిచ్చి ఎలా పంపించేశారో చెప్పాడు. తండ్రి పోయినప్పుడు సెలవడిగితే కంపెనీ ఇవ్వలేదని, ఆ రోజు కూడా ఒక బాత్రూం పూర్తి చేశానని చెప్పాడు. భార్య ఫోన్ సంగతి మళ్లీ చెప్పాడు. ఇదంతా మాకెవరికీ తెలియదు. పక్క పక్క మంచాల్లో పడుకునేవాళ్లం కదా, అయినా తెలియదు. ఎవడూ నవ్వలేదు. జడ్జి ఒక్కసారి కూడా కుర్చీ మారలేదు. చేతిలో గంటె పట్టుకుని, రెప్ప వెయ్యకుండా మొత్తం విన్నాడు. మొదటిసారి ఆయన నాకు నిజంగా జడ్జిలా కనిపించాడు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇక ఈయనకే తీర్పివ్వు, ఏడిస్తే నేనేడుస్తాను అనుకున్నాను.

మేస్త్రి కూర్చున్నాడు. జడ్జి హాలంతా ఒకసారి కలియజూశాడు. మా గదివాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. మేస్త్రి తప్ప అందరూ గాలి కావాల్సినవాళ్లే. కమిటీ ఎన్నికలు వచ్చే నెలలోనే. చెయ్యెత్తేవాళ్లందరూ అక్కడే ఉండబోతున్నారు, ఒక్క మేస్త్రి తప్ప. జడ్జి కళ్లు ఆ ముందు వరస మీద ఆగడం చూశాను. అప్పుడే నాకు సంగతి అర్థమై ఒళ్లు మండింది.

"ఎగువ మంచపోడు పారకానికి అడ్డం గట్టుడు న్యాయం గాదు" అన్నాడు. "తప్పు మేస్త్రిదే. ప్రతివాది గెలిచిండు." గంటె కొట్టాడు. క్యాంపు చరిత్రలో ఆయన చెప్పిన మొట్టమొదటి తీర్పు అది.

"థూ! నాకొద్దు నీ తీర్పు!" అని లేచాను. "ఓట్ల కోసం జెప్పిన తీర్పు నాకెందుకు? నా గెలుపు నేను వాపసిస్తున్న!"

"తీర్పైనంక గెలుపు వాపసిచ్చుడు చెల్లది" అన్నాడు జడ్జి. కానీ మేస్త్రి వైపు చూడలేదు.

మేస్త్రి నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. "ఊకో తమ్మీ. పొద్దుగాల ఆడ నేను గెలిచిన. గెలిచినవ్‌రా అని ఎవ్వడు నా మొకం జూసి చెప్పలే. నా పేరు గూడ అడగలే. ఈడ మొత్తం విని, ఓడిపోయినవని చెప్పిండు. నాకు గది చాలు."

లేచి జడ్జికి దండం పెట్టి, మూటలు కట్టుకోవడానికి గదికి వెళ్లాడు. జడ్జి తిరిగి దండం పెట్టలేదు.